కొత్త ఫోన్‌కు 8 గంటల ఛార్జింగ్, వేడెక్కితే ఫ్రిజ్: ఆ ఫార్వర్డ్‌లో పస ఎంత?

కొత్త ఫోన్లు మార్కెట్లోకి వచ్చాయంటే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో, ఫేస్‌బుక్ గోడల మీద ఒక పాత మెసేజ్ మళ్లీ లేచి కూర్చుంటుంది. కొత్త ఫోన్‌ను ఆన్ చేయకుండానే 8 గంటలు ఛార్జ్ చేయాలట. ఆ తర్వాత ఎప్పుడు పెట్టినా సున్నాకు దిగాకే పెట్టాలట. రాత్రంతా వదిలేస్తే ఓవర్‌ఛార్జ్ అయి పేలుతుందట. డబ్బాలో వచ్చిన ఛార్జర్ తప్ప ఇంకోటి ముట్టుకోకూడదట. వాడని యాప్‌లను ఎప్పటికప్పుడు వేలితో తెర మీద నుంచి తోసేసి మూసేయాలట. ఫోన్ వేడెక్కితే కాసేపు ఫ్రిజ్‌లో పెట్టాలట. చివర్లో షరా మామూలే, తెలిసినవాళ్లందరికీ పంపండి!

పంపేవాళ్ల ఉద్దేశం మంచిదే. కాకపోతే ఇందులో కొన్ని ఇప్పటి ఫోన్లలో లేని బ్యాటరీకి రాసిన సలహాలు, కొన్ని నిజం దాకా వచ్చి పక్కకు జారిపోయినవి.

ముందు ఆ 8 గంటల సంగతి. నికెల్ బ్యాటరీల రోజుల్లో ఈ మాటకు అర్థం ఉండేది. ఇప్పటి ఫోన్లలో ఉండేది లిథియం-అయాన్ బ్యాటరీ. 1991లో సోనీ దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. దాని వెనకున్న కృషికి గుడ్‌ఇనఫ్, విటింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురికి 2019లో కెమిస్ట్రీ నోబెల్ కూడా వచ్చింది. ఈ రకం బ్యాటరీకి తొలి ఛార్జింగ్ ముహూర్తం ఫ్యాక్టరీలోనే అయిపోతుంది. అక్కడే మెల్లగా ఎక్కించి, దించి, లోపలి ఎలక్ట్రోడ్ మీద ఒక పల్చటి రక్షణ పొర ఏర్పడేలా చేస్తారు. మన చేతికి వచ్చాక వేరే శాంతి ఏమీ అక్కర్లేదు. డబ్బా తెరిచి, ఎంత ఉంటే అంతతో వాడుకోవచ్చు.

సున్నాకు దిగాకే పెట్టాలన్నదీ నికెల్-కాడ్మియం కాలం నాటిదే. వాటికి ‘మెమరీ ఎఫెక్ట్’ అనే జబ్బు ఉండేది. లిథియం దగ్గర లెక్క తిరగబడుతుంది. అడుగంటా వాడటం దానికి శ్రమ, మధ్యలో తిరగడం సుఖం. పైగా రెండుసార్లు సగం సగం ఎక్కిస్తే రెండు ఛార్జింగ్ సైకిళ్లు (పూర్తి విడతలు) కాదు, ఒక్కటే. మరి ‘పూర్తిగా దించి ఎక్కించాక నా ఫోన్ బాగుపడింది’ అనేవాళ్లు? అక్కడ సర్దుకున్నది శాతం చూపించే మీటరు. 20 చూపిస్తూనే ఠక్కున ఆరిపోయే ఫోన్లలో అప్పుడప్పుడు అలా చేస్తే లెక్క కాస్త సరిపడుతుంది, కానీ తరిగిపోయిన కెపాసిటీ వెనక్కి రాదు. అన్నట్టు, పాత ఫోన్‌ను సున్నా మీద సొరుగులో పడేసి నెలల తరబడి మర్చిపోతే మాత్రం అది మళ్లీ లేవకపోవచ్చు. దాచిపెట్టాలంటే సగం ఛార్జ్‌తో స్విచ్చాఫ్ చేసి దాచండి.

అందరినీ భయపెట్టేది రాత్రి ఛార్జింగ్. 20 నుంచి 70 దాకా పరుగెత్తిన అంకె, 90 దాటాక నత్తనడక నడవడం మీరూ గమనించే ఉంటారు. అది ఛార్జర్ లోపం కాదు. ఖాళీ బస్సు ఎక్కినవాళ్లు ఎక్కినట్టే కూర్చుంటారు, నిండిన బస్సులో సీటు వెతుక్కోవాలి కదా! మొదట కరెంటు జోరుగా వెళ్తుంది. సెల్ వోల్టేజీ పై హద్దుకు చేరాక (చాలా ఫోన్లలో 4.2 నుంచి 4.5 వోల్టుల మధ్య) ఫోన్‌లోని చిప్ ఆ వోల్టేజీని అక్కడే పట్టి ఉంచి, కరెంటును తగ్గిస్తూ పోతుంది. చివరికి ఆపేస్తుంది. ప్లగ్ గోడకే ఉన్నా బ్యాటరీలోకి అదనంగా ఎక్కించదు. కాబట్టి మెసేజ్ చెప్పే ‘ఓవర్‌ఛార్జ్’ మామూలు ఫోన్‌లో జరగదు.

పేలుడు అనగానే అందరూ 2016 నాటి శాంసంగ్ ఫోన్ గెలాక్సీ నోట్ 7ను లాక్కొస్తారు. ఆ ఫోన్లు అంటుకున్న మాట నిజమే, కంపెనీ వాటన్నిటినీ వెనక్కి పిలిపించిన మాటా నిజమే. 2017 జనవరిలో శాంసంగ్ బయటపెట్టిన కారణాలు మాత్రం బ్యాటరీ డిజైన్, తయారీ లోపాలు. రాత్రంతా ఛార్జింగ్ పెట్టినవాళ్ల తప్పు అందులో లేదు.

అలాగని రాత్రి ఛార్జింగ్‌లో అసలు నష్టమే లేదనను. 100 దగ్గర గంటల తరబడి కూర్చోవడం, అదీ వేడిగా కూర్చోవడం, బ్యాటరీకి వయసు పెంచుతుంది. అందుకే 2019లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 13తో యాపిల్ 80 దగ్గర ఆగి, మనం లేచే వేళకు మిగతాది నింపే పద్ధతి తెచ్చింది. ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఇలాంటివి వచ్చాయి, కొన్నిటిలో 80 దాటకుండా ఆపేసే మీట కూడా ఉంది. సెట్టింగ్స్‌లో అది ఆన్ చేసి పడుకోండి. ఫోన్‌ను దిండు కింద మాత్రం పెట్టకండి, వేడి బయటకు పోయే దారి ఉండదు.

వేరే ఛార్జర్ గురించి రెండే ముక్కలు. యూఎస్‌బీ-సీ పవర్ డెలివరీ ఛార్జర్ ముందు 5 వోల్టులతోనే మొదలుపెడుతుంది. ఎంత కావాలో ఫోన్ అడిగితేనే పెంచుతుంది. ల్యాప్‌టాప్ ఛార్జర్ 65 వాట్లది కదా అని 20 వాట్ల ఫోన్‌లోకి మొత్తం దూర్చేయదు. భయపడాల్సింది పేరూ ఊరూ లేని నాసిరకం ఛార్జర్లకు, తెగిన కేబుళ్లకు.

యాప్‌లు తోసేయడం చాలామందికి చేతి అలవాటైపోయింది. ఓ చిన్న పని చేసి చూడండి. ఫేస్‌బుక్‌ను తోసేసి మళ్లీ తెరవండి. లోగో కనిపిస్తుంది, తెర ఒక క్షణం ఖాళీగా ఉంటుంది, ఫీడ్ మొదటి నుంచి దిగుతుంది. తోసేయకుండా వదిలేసి కాసేపటికే తెరిస్తే, ఆగిన చోటు నుంచే నడుస్తుంది. ఆ మొదటి నుంచి లేపడానికే ఎక్కువ కరెంటు కావాలి. 2016 మార్చిలో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ చూసే క్రెయిగ్ ఫెడెరిగీ తోసేయాల్సిన అవసరం లేదన్నారు, అదే నెలలో, అప్పట్లో ఆండ్రాయిడ్ బాధ్యతల్లో ఉన్న హిరోషి లాక్‌హైమర్ కూడా దాదాపు అదే మాట చెప్పారు. బిగుసుకుపోయిన యాప్‌నో, దారి చూపించడం ఆపని మ్యాప్‌నో మూసేయడం వేరే సంగతి.

నిజంగా ఏది తాగేస్తోందో తెలుసుకోవాలంటే సెట్టింగ్స్‌లో బ్యాటరీ పేజీ తెరవండి. అక్కడ తరచూ పైన కనిపించేది మనం కళ్లార్పకుండా చూసిన యాప్. రీల్స్ చూస్తున్నప్పుడు తెర, నెట్, వీడియో చిప్, స్పీకర్ అన్నీ ఒకేసారి పనిచేస్తాయి. సిగ్నల్ బలహీనంగా ఉందా, ఖర్చు ఇంకా పెరుగుతుంది. వెలుతురు కాస్త తగ్గించి, వీడియోలు వాటంతటవే ఆడకుండా ఆపితే, వందసార్లు తోసేసినా రాని ఫలితం వస్తుంది.

ఇక ఫ్రిజ్. మొత్తం మెసేజ్‌లో ఫోన్‌కు నేరుగా హాని చేసే సలహా ఇదే. చల్లబడ్డ ఫోన్‌ను బయటకు తీయగానే గాలిలో తేమ దాని మీద, సందు దొరికితే లోపల కూడా నీటి బొట్లుగా పేరుకుంటుంది. వేడి బ్యాటరీకి శత్రువన్నది నిజమే, 35 డిగ్రీలు దాటిన చోట ఐఫోన్‌ను వాడొద్దని యాపిలే చెబుతుంది. దానికి మందు చాలా చిన్నది: ఛార్జర్ పీకేసి, కవర్ తీసి, ఎండ తగలని చోట పెట్టి, కాసేపు ముట్టుకోకుండా ఉండటం.