టోకెన్ తీసేయమన్న మహానుభావుడికి

తిరుపతి రీసెర్చ్ స్కాలర్ల గ్రూపుల్లో "క్లస్టర్ మీద జూపిటర్, ఐదే నిమిషాల్లో" అనే మెసేజ్ మళ్లీ మళ్లీ తిరుగుతోంది. క్లస్టరంటే అందరూ పంచుకునే కంప్యూటర్ల గుంపు, అందులో ఒక్కోటీ ఒక నోడ్; జూపిటరంటే బ్రౌజర్‌లోనే కోడ్ రాసి నడిపే నోట్‌బుక్. ముందుకు తోసేవాళ్లలో ఒక్కరైనా చదివితే బాగుండు. అందులోని సలహాలు ఒక్కొక్కటే చూద్దాం.

"విండోస్‌లో పుట్టీ లేనిదే కుదరదు." పుట్టీ లాగే దూరపు మెషీన్‌లోకి లాగిన్ చేయించే ఎస్‌ఎస్‌హెచ్ కమాండు విండోస్ 10లోనే వచ్చేసింది. అయిపోయింది.

"పోర్టు 8888 మాత్రమే వాడాలి." పోర్టంటే మెషీన్‌లో ఒక ప్రోగ్రాం వినే తలుపు నంబరు. 8888 జూపిటర్ డిఫాల్టు కాబట్టి అందరూ దానిమీదే పడతారు. ఖాళీ లేకపోతే జూపిటర్ లాగ్‌లో ఒక లైను రాసి 8889కి జరుగుతుంది. మీ టన్నెల్ (ల్యాప్‌టాప్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్ మీదుగా జూపిటర్ పోర్టుకు వేసిన దారి) మాత్రం 8888కే ఉంటుంది. ఇంకెవరిదో లాగిన్ పేజీ ముందు కూర్చుని "నా టోకెన్ పనిచేయలేదబ్బా" అంటారు. టోకెనంటే జూపిటర్ లేచినప్పుడు ఇచ్చే రహస్య కోడ్, అదుంటేనే లోపలికి రానిస్తుంది.

"ఎస్‌బ్యాచ్ దండగ, లాగిన్ నోడ్ మీదే నడిపేయండి." ఎస్‌బ్యాచ్ అంటే పనిని (జాబ్‌ను) క్యూలో వేసి లెక్కలు చేసే నోడ్ ఇప్పించే కమాండు; లాగిన్ నోడ్ అందరూ లోపలికొచ్చే గుమ్మం మాత్రమే. కొండ ఎక్కకుండా అలిపిరి చెక్‌పోస్టు దగ్గరే పొయ్యి వెలిగించినట్టుంది. జాబ్ స్క్రిప్టులో 4 కోర్లు, 16 జీబీ, 4 గంటలు అడగండి. బ్రౌజర్ తెరవకుండా, పోర్టు 8899తో, ఐపీకి (ఏ అడ్రసు మీద వినాలో చెప్పేదానికి) జాబ్‌కు దొరికిన నోడ్ పేరే ఇచ్చి జూపిటర్‌ను లేపండి. ఎస్‌క్యూ కమాండు చూపే జాబ్‌ల జాబితాలో నోడ్ పేరు కనబడగానే ల్యాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌హెచ్‌కు హైఫన్ పెద్ద ఎల్, 8899:నోడ్‌పేరు:8899 ఇచ్చి లాగిన్ నోడ్‌కు కలపండి. బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ 8899. "కనెక్షన్ రెఫ్యూజ్డ్" వస్తే జాబ్ అయిపోయి ఉంటుంది, లేదా జూపిటర్ 127.0.0.1 మీదే, అంటే ఆ నోడ్ లోపల మాత్రమే వింటూ ఉంటుంది. "అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్" వస్తే నిన్నటి టన్నెల్ మీ ల్యాప్‌టాప్‌లో ఇంకా బతికే ఉంది.

ఇక అసలు ఘనకార్యం: "టోకెన్ విసుగు. ఖాళీగా పెట్టి ఐపీ 0.0.0.0 ఇవ్వండి." ఏమప్పా, జూపిటర్‌లో కమాండ్లు కొట్టే టెర్మినల్ ఉంటుందని తెలుసా? ఆ పోర్టు దాకా వచ్చినవాడెవడైనా సరే, ఇక వాడే మీరు. మీ హోమ్ డైరెక్టరీ, స్క్రాచ్ (తాత్కాలిక డిస్కు)లోని డేటా, లాగిన్‌కు వాడే మీ ప్రైవేట్ కీ అన్నీ వాడి చేతిలో. 0.0.0.0 అంటే ఆ మెషీన్‌కున్న ప్రతి నెట్‌వర్క్ వైపూ తలుపు తీసినట్టే. కీ, ఓటీపీ అన్నీ దాటి లోపలికొచ్చి బీరువా బార్లా తెరిచి పెట్టడానికా ఇంత తంటా? "మాది 127.0.0.1 కదా" అనేవాళ్లూ ఉన్నారు. లాగిన్ నోడ్ మీదున్న మిగతావాళ్లందరిదీ అదే 127.0.0.1. నోడ్ పేరు ఇచ్చినా లోపలి నెట్‌వర్క్‌కు పోర్టు కనబడుతుంది, అందుకే టోకెన్ ఉండాల్సిందే. టోకెన్ కాపీ చేయడమే కష్టమైతే "జూపిటర్ సర్వర్ పాస్‌వర్డ్" అని ఒక్కసారి కొట్టండి, మీరిచ్చే పాస్‌వర్డ్‌ను హ్యాష్ చేసి, అంటే వెనక్కి చదవలేని రూపంలో దాచుకుంటుంది. నోడ్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్ ఒప్పుకునే క్లస్టరైతే ఇంకా మేలు: హైఫన్ పెద్ద జేతో లాగిన్ నోడ్ మీదుగా నోడ్ దాకా పోయి, జూపిటర్‌ను 127.0.0.1 మీదే ఉంచుకోవచ్చు.

ఆ మెసేజ్ చివరి లైను "నోట్‌బుక్ ఊరికే కోర్లు పట్టుకుని కూర్చుంటుంది" మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. ట్యాబ్ మూసినా, టన్నెల్ తెగినా కెర్నల్ (మీ కోడ్ నడిపే ప్రోగ్రాం) ఆగదు. జాబ్ ఆపే ఎస్‌క్యాన్సెల్ కమాండు కొట్టేదాకా, లేదా గడువు తీరేదాకా ఆ 4 కోర్లు ఇంకెవరికీ దక్కవు. రాత్రంతా నడిచే పనికి నోట్‌బుక్ తెరిచి పెట్టడమెందుకు? బ్రౌజర్ లేకుండానే నోట్‌బుక్‌ను నడిపే ఎన్‌బీకన్వర్ట్‌కు ఎగ్జిక్యూట్ ఆప్షన్ ఇచ్చి ఎస్‌బ్యాచ్‌లో వేయండి, పని కాగానే కోర్లు వాటంతటవే ఖాళీ అవుతాయి.