నర్సింగ్ కాలేజీలో డాక్టర్లను లెక్కపెట్టమనే మెసేజ్ గురించి

ఇంటర్ ఫలితాలు రాగానే ఆ మెసేజ్ మళ్ళీ లేచింది. "అమ్మాయిని నర్సింగ్‌లో చేర్చే తల్లిదండ్రులారా, ఈ ఆరు నిజాలు తెలుసుకోండి" అని మొదలవుతుంది, "పది మందికి పంపండి, ఒక ఆడపిల్ల జీవితం బాగుపడుతుంది" అని ముగుస్తుంది. నిరుడూ ఇదే వచ్చింది. ఈసారి పైన స్టెతస్కోపు బొమ్మ తగిలించారు, అదొక్కటే తేడా. చుట్టాలు పంపితే సరే అనుకోవచ్చు. నర్సింగ్ చదివి ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళు కూడా చదవకుండానే తోసేస్తున్నారు.

అందులో ఉన్నవి ఇవీ. ఒకటి: ప్రిన్సిపాల్ ఎంబీబీఎస్ డాక్టరు కాకపోతే ఆ కాలేజీకి గుర్తింపు ఉండదు. రెండు: నర్సింగ్‌లో పీహెచ్‌డీయే లేదు, పేరు ముందు 'డా.' పెట్టుకున్న మేడమ్‌లంతా నకిలీలు. మూడు: ఫ్యాకల్టీ అంతా కేరళవాళ్ళే. నాలుగు: మగ టీచర్లు ఉండకూడదు. ఐదు: ట్యూటర్లంటే (నర్సింగ్ కాలేజీలో అన్నిటికంటే కింది స్థాయి టీచర్లు) ఆసుపత్రిలో పని చేతకాక కాలేజీకి వచ్చినవాళ్ళు, కాబట్టి పాఠాలు డాక్టర్లు చెప్పే కాలేజీనే ఎంచుకోండి. ఆరు: లిస్టులో చూపించే ఫ్యాకల్టీలో చాలామంది కాగితం మీదే ఉంటారు.

నాలుగోది ఏ నిబంధనలో ఉందో పంపినవాళ్ళు చూపిస్తే అప్పుడు మాట్లాడుకుందాం. మూడోదానికి కూడా పెద్దగా చెప్పేదేమీ లేదు. మలయాళీ టీచర్లు ఉన్నారు, ఎప్పటినుంచో ఉన్నారు. ఇక్కడి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉందా అన్నదే అడగాల్సిన ప్రశ్న. "గుండెలో మంటగా ఉందమ్మా" అని పేషెంటు అంటే అది కడుపులో మంటో, గుండెనొప్పో ఆరా తీయగలిగే తెలుగు వచ్చా అని కూడా అడగండి, తప్పులేదు. ఆ ప్రశ్న తెలుగు టీచర్లనూ అడగొచ్చు.

ఇక ఒకటోది. ఇది తప్పు మాత్రమే కాదు, తలకిందులు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ (ఐఎన్‌సీ) నిబంధనల ప్రకారం బీఎస్సీ నర్సింగ్ కాలేజీ ప్రిన్సిపాల్‌కు ఎమ్మెస్సీ నర్సింగ్ ఉండాలి, మొత్తం 15 ఏళ్ళ అనుభవం ఉండాలి, అందులో 10 ఏళ్ళు బోధనలో చేసినవై ఉండాలి. వైస్ ప్రిన్సిపాల్‌కు 12 ఏళ్ళు. అసోసియేట్ ప్రొఫెసర్‌కు 8, వాటిలో 5 బోధనలో. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు 3 ఏళ్ళ బోధన. ఇందులో ఎంబీబీఎస్ అన్న మాట ఎక్కడైనా కనిపించిందా? ఎంత పేరున్న సర్జన్ అయినా ఈ కుర్చీకి అర్హుడు కాడు. మెసేజ్ చెప్పినట్టు ప్రిన్సిపాల్ గదిలో ఎంబీబీఎస్ డాక్టరు కూర్చున్నాడంటే, ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్ళు మొదట పట్టుకునేది ఆ గదినే.

రెండోదాని పుట్టుక ఊహించడం కష్టమేమీ కాదు. తలుపు మీద 'డా.' చూసి, లోపల చీరలో ఉన్న నర్సింగ్ ప్రొఫెసర్‌ను చూసి ఎవరికో కడుపు మండింది. నర్సింగ్ పీహెచ్‌డీ కోసం ఐఎన్‌సీయే బెంగళూరులోని రాజీవ్‌గాంధీ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయంతో కలిసి జాతీయ కన్సార్షియం (ఉమ్మడి వేదిక) పెట్టి రెండు దశాబ్దాలవుతోంది. ఫ్యాకల్టీ నిబంధనల్లో 'పీహెచ్‌డీ ఉంటే మంచిది' అని రాసి మరీ ఉంది. డబ్బిచ్చి కొన్న పీహెచ్‌డీలు దేశంలో లేవా అంటే ఉన్నాయి, తెలుగులోనూ ఉన్నాయి, కెమిస్ట్రీలోనూ ఉన్నాయి. అంతమాత్రాన తెలుగులో పీహెచ్‌డీయే లేదని ఎవరూ ఫార్వర్డ్ చేయడం లేదు.

అసలు కూర్చుని రాయడానికి కారణం ఐదోది. మిగతావి నమ్మినా పెద్ద నష్టం లేదు, మహా అయితే ఒక మంచి కాలేజీ వదులుకుంటారు. ఇది నమ్మితే మాత్రం రేపు ఎవరో ఒక పేషెంటు ప్రాణం మీదికి వస్తుంది.

డాక్టర్లు నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్పరని కాదు. క్లినికల్ సబ్జెక్టుల్లో కొన్ని గంటలు వాళ్ళు చెబుతారు. బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, సైకాలజీ, ఇంగ్లీషు లాంటివాటికి ఆయా సబ్జెక్టుల్లో పీజీ చేసినవాళ్ళు బయటినుంచి వస్తారు. మంచిదే. కానీ నర్సు తయారయ్యేది క్లాసురూములో కాదు. థియరీకి 80 శాతం హాజరుంటే పరీక్ష రాయనిస్తారు, క్లినికల్స్‌కు, అంటే వార్డులో చేసే ప్రాక్టికల్స్‌కు మాత్రం 100 శాతం పూర్తి చేయనిదే డిగ్రీ ఇవ్వరు. ఆ 100 శాతం గంటల్లో పక్కన నిలబడేది ఎవరనుకున్నారు? ప్రిన్సిపాల్‌తో సహా నర్సింగ్ టీచర్లందరూ రోజుకు కనీసం 4 గంటలు వార్డులో ఉండాలన్నది నిబంధన. మీరు 'పని చేతకానివాళ్ళు' అన్న ట్యూటర్లదే అందులో పెద్ద వాటా.

ఒక ఉదాహరణ. పొటాషియం తగ్గిన పేషెంటు. డాక్టరు కేస్ షీట్‌లో 'ఎన్ఎస్ 500 ఎంఎల్‌లో కేసీఎల్ ఒక ఆంప్యూల్, 4 గంటల్లో' అని ఒక్క లైను రాసి రౌండ్స్‌కు వెళ్ళిపోతారు. ఎన్ఎస్ అంటే సెలైన్, కేసీఎల్ అంటే పొటాషియం క్లోరైడ్, ఆంప్యూల్ అంటే చిన్న గాజు మందు సీసా. ఆ లైను సరైనదే. 15 శాతం కేసీఎల్ 10 ఎంఎల్ ఆంప్యూల్‌లో 20 మిల్లీ ఈక్వివలెంట్ల (పొటాషియం కొలిచే ప్రమాణం) మందుంటుంది. 4 గంటలంటే గంటకు 125 ఎంఎల్, ఎంఎల్‌కు 20 చుక్కల సెట్ అయితే నిమిషానికి 42 చుక్కలు. ఇంతవరకు లెక్క, పుస్తకం చూసి ఎవరైనా చేస్తారు. ఇక విద్యార్థిని ఏం చేస్తుందంటే, స్టాండుకు వేలాడుతున్న బాటిల్‌కే, డ్రిప్ నడుస్తుండగానే, కింది పోర్టులోంచి ఆంప్యూల్ మొత్తం ఎక్కించేస్తుంది. సెలైన్ కంటే బరువైన ఆ ద్రావణం కలవకుండా బాటిల్ అడుగున, గొట్టం నోటి దగ్గరే కూర్చుంటుంది. మొదటి కొన్ని నిమిషాల్లో పేషెంటుకు వెళ్ళేది పలచబడిన పొటాషియం కాదు, దాదాపు నేరుగా ఇచ్చిన పొటాషియం. గుండె ఆగడానికి అది చాలు. కేస్ షీట్‌లో రాసిందే చేసింది, చుక్కలు కూడా సరిగానే లెక్కపెట్టింది.

ట్యూటర్ అక్కడుంటే జరిగేది వేరు. ముందు మూత్రం సరిగా వస్తోందా లేదా చూడమంటుంది. బాటిల్ కిందికి దింపిస్తుంది, క్లాంప్ వేయిస్తుంది, మందు కలిపించి కనీసం పదిసార్లు తలకిందులు చేయిస్తుంది, పేరు, మోతాదు, టైము రాసిన లేబుల్ అతికించాకే స్టాండుకు ఎక్కించనిస్తుంది. ఎక్కించాక కాన్యులా (నరంలోకి గుచ్చిన సన్నని గొట్టం) దగ్గర మంట ఉందేమో పేషెంటును అడగమంటుంది. హైపోకలేమియా (రక్తంలో పొటాషియం తగ్గడం) మీద గంటసేపు అద్భుతంగా చెప్పిన డాక్టరుగారికి ఈ బాటిల్ తిప్పే సంగతి తెలియకపోవచ్చు. తప్పేమీ లేదు, అది ఆయన చేతి పని కాదు.

ఇన్సులిన్ సంగతీ అంతే. మన దగ్గర ఎంఎల్‌కు 40 యూనిట్ల వయల్స్ (ఇన్సులిన్ సీసాలు) ఉన్నాయి, 100 యూనిట్లవీ ఉన్నాయి. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూత సిరంజి. ఎర్ర మూత సిరంజితో 100 యూనిట్ల వయల్ నుంచి '20' గీత దాకా లాగితే వచ్చేది అర ఎంఎల్, అంటే 50 యూనిట్లు. పేషెంటుకు రాసింది 20. తెల్లవారుజామున చెమటలు పట్టి, పిలిస్తే పలకకుండా పడి ఉంటే అప్పుడు వెతుకుతారు ఎవరు ఇచ్చారని. వయల్ మీద అంకె, సిరంజి మూత రంగు రెండూ పక్కపక్కన పెట్టి పైకి చదివించే అలవాటు ఎవరు చేయించాలి? బ్రోషర్ మీద ఫొటో ఉన్న కార్డియాలజిస్టా?

ఈ మెసేజ్ వల్ల నిజంగా లాభపడేది కక్కుర్తి కాలేజీలు. నాలుగు ఎంబీబీఎస్ పేర్లు గెస్ట్ లెక్చరర్ల కింద వేసి, తెల్ల కోట్లు వేసుకున్న ఫొటోలు అచ్చేస్తే తల్లిదండ్రులు తృప్తిగా ఫీజు కట్టేస్తారు. 60 సీట్ల కాలేజీలో నాలుగేళ్ళకు కలిపి 240 మంది. పదిమందికి ఒక టీచరు చొప్పున 24 మంది కావాలి. వాళ్ళలో ఎక్కువమంది ట్యూటర్లే. అక్కడ తొమ్మిది పోస్టులు ఖాళీగా ఉన్నాయా అని అడిగే నాథుడుండడు, ఎందుకంటే ట్యూటర్లు పనికిరానివాళ్ళని మీరే కదా పది మందికి పంపారు.

అయితే ఐదో పాయింటు రాసినవాడికి కోపం ఎక్కడినుంచి వచ్చిందో కొంత అర్థమవుతుంది. ట్యూటర్‌కు ఎమ్మెస్సీ లేకపోతే బీఎస్సీ తర్వాత ఒక్క ఏడాది అనుభవం చాలు. ఎమ్మెస్సీలో చేరడానికీ ఒక్క ఏడాదే. ఆ తర్వాత అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు అడిగే మూడేళ్ళూ బోధనలోవే, వార్డులోవి కావు. అంటే ఐసీయూలో ఒక్క పూర్తి సంవత్సరం పని చేయకుండానే ఐసీయూ పాఠం చెప్పేవాళ్ళు ఉండొచ్చు, నిబంధనలకు లోబడే. ఇది లోపమే. దీనికి మందు వార్డు అనుభవం ఎక్కువున్న నర్సులను టీచర్లుగా తీసుకోవడం. డాక్టర్లను తేవడం కాదు.

మిగిలింది ఆరోది. అది నిజం. అన్ని చోట్లా కాదు, కానీ నిజం. మధ్యప్రదేశ్‌లో హైకోర్టు ఆదేశిస్తే నర్సింగ్ కాలేజీల మీద సీబీఐ విచారణ జరిగింది. 2024 మేలో, అనుకూలంగా రిపోర్టు రాయడానికి లంచం తీసుకున్నాడని ఆ విచారణలో ఉన్న ఇన్‌స్పెక్టర్‌నే సీబీఐ అరెస్టు చేసింది. తనిఖీకి వెళ్ళినవాడి పరిస్థితే అది. ఆరు పాయింట్లలో పనికొచ్చేది ఇదొక్కటే, దాన్ని తీసుకెళ్ళి అడుగున పడేశారు, ఎలా చూసుకోవాలో ఒక్క ముక్క రాయలేదు.

ఇలా చూసుకోవచ్చు. ఫ్యాకల్టీ లిస్టు అడగండి. పేరు, ఎమ్మెస్సీలో స్పెషాలిటీ, రాష్ట్ర కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు, చేరిన తేదీ, నాలుగూ ఉండాలి. ఇన్‌స్పెక్షన్‌కు నెల ముందు ఒకే వారంలో ఎనిమిదిమంది చేరి ఉంటే మీకే అర్థమవుతుంది. స్పెషాలిటీలు ఐదు: మెడికల్ సర్జికల్, కమ్యూనిటీ హెల్త్ (ప్రజారోగ్యం), పిల్లలు, ప్రసూతి, మానసిక ఆరోగ్యం. ఎమ్మెస్సీవాళ్ళంతా కమ్యూనిటీ హెల్త్‌వాళ్ళే అయితే సైకియాట్రీ పోస్టింగ్‌కు విద్యార్థులతో ఎవరు వెళ్తున్నారో అడగండి. క్లినికల్ రొటేషన్ ప్లాన్ (విద్యార్థులు ఎప్పుడు ఏ వార్డులో ఉంటారో చెప్పే పట్టిక) చూపించమనండి, అందులో ప్రతి వార్డు పక్కన ఒక టీచరు పేరుండాలి.

తర్వాత ఆఫీసు గదిలోంచి బయటికొచ్చి, మూడో సంవత్సరం అమ్మాయిలు ఎవరైనా కనిపిస్తే లాగ్‌బుక్ (వార్డులో చేసిన పనులు రాసి టీచరు సంతకం పెట్టించుకునే పుస్తకం) చూపించమని అడగండి. సంతకాలన్నీ ఒకే పెన్నుతో, ఒకే రోజు కూర్చుని పెట్టినట్టున్నాయా, తేదీతో పాటు సిరా మారిందా చూడండి. "నిన్న వార్డులో మీతో ఎవరున్నారమ్మా?" అనండి. "స్టాఫ్ సిస్టర్ చూసుకుంటారండీ" అంటే లిస్టులో పేర్లు ఎన్నున్నా లాభం లేదు. ఫలానా మేడమ్, మధ్యాహ్నం పన్నెండున్నర దాకా ఉన్నారు, ఇంజెక్షన్ తప్పుగా లోడ్ చేశానని అందరి ముందూ తిట్టారు అని మొహం మాడ్చుకుని చెబితే, ఫీజు ఎంతో కనుక్కోండి.