బండ కాడ కాపురం

కడప జిల్లాలో ఉక్కు ఫ్యాక్టరీ కట్టలేదంటూ గిట్టనివాళ్లు చేస్తున్న ప్రచారాన్ని తీవ్రంగా ఖండిస్తున్నాను. పదహారేళ్లలో నాలుగుసార్లు మొదలుపెట్టాం. ఇంకే జిల్లాకైనా ఉందా ఈ ఘనత? 2007లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి జమ్మలమడుగు దగ్గర బ్రహ్మణి స్టీల్స్‌కు టెంకాయ కొట్టారు. 2018 డిసెంబరులో చంద్రబాబు నాయుడు మైలవరం మండలం కంబాలదిన్నెలో కొట్టారు. ఏడాది తిరక్కముందే, 2019 డిసెంబరులో, జగన్మోహన్ రెడ్డి సున్నపురాళ్లపల్లెలో కొట్టారు. 2023 ఫిబ్రవరిలో అదే సున్నపురాళ్లపల్లెకు మళ్లీ ఆయనే వచ్చి ఇంకోటి కొట్టారు. మొదటి టెంకాయ కుళ్లిపోయి ఉంటుంది, పాపం. మధ్యలో 2014 విభజన చట్టమొకటి. కడపలో ఉక్కు ఫ్యాక్టరీ పెట్టొచ్చో లేదో ఆరు నెలల్లో కేంద్ర ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ పరిశీలించాలని పదమూడో షెడ్యూల్లో రాశారు. పరిశీలించారు. ఇంకా పరిశీలిస్తూనే ఉన్నారని నా నమ్మకం.

ఇంతవరకు అక్కడి నుంచి ఒక్క మేకు బయటికి రాలేదు. అది వేరే విషయం.

బండలకు మాత్రం మాకు కొదవ లేదు. దేశంలో ఎందరి వంటింటి గట్టు మీదో ఉండేది మా కడప బండే. అందుకేనేమో, ఇక్కడికి వచ్చిన ప్రతి నాయకుడికీ బండను చూడగానే దాని మీద తన పేరు చెక్కించుకోవాలనిపిస్తుంది.

1516లో ఇంగ్లండులో థామస్ మోర్ అనే పెద్దమనిషి యుటోపియా అని ఒక దీవిని కల్పించాడు. తన దేశపు ఏలుబడి మీద కడుపుమంట. నేరుగా తిడితే రాజుగారితో పేచీ. అందుకని లేని దేశాన్ని మెచ్చుకుంటూ ఉన్న దేశాన్ని ఉతికి ఆరేశాడు. ఆ దీవిలో రోజుకు ఆరు గంటలే పని. (ఈ విషయంలో మా జమ్మలమడుగు కుర్రాళ్లు యుటోపియాను ఎప్పుడో దాటేశారు. వాళ్లకు ఆ ఆరు గంటలు కూడా లేవు.) అక్కడ బంగారంతో రాత్రిపూట ఉచ్చ పోసుకునే పాత్రలు చేస్తారు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వాళ్లు దయచేసి ఈ వాక్యం వదిలేసి చదువుకోవాలి. నాకు అన్నిటికంటే నచ్చిన నిబంధన ఇంకోటుంది: పదవి కావాలని జనం చుట్టూ తిరిగేవాడికి అక్కడ ఏ పదవీ దక్కదు. దాన్ని ఇక్కడ అమలు చేస్తే అసెంబ్లీలో మిగిలేది మార్షల్స్, మైకులు.

అంత రాసినాయన ఆఖరికి ఎనిమిదో హెన్రీకి తలవంచలేదు. 1535లో ఆయన తల తీయించారు. మన ప్రభుత్వాలు అంత క్రూరమైనవి కావు. శిలాఫలకం మీద పేరు మాత్రమే తీస్తాయి.

మోర్ దేశంలో చట్టాలు కొన్నే. నా ఆదర్శ దేశంలో ఒక్కటే. బండ దింపినవాడు ఆ పని పూర్తయ్యేదాకా బండ పక్కనే కాపురం ఉండాలి. అంతే. పోలీసులక్కర్లేదు, కమిటీలక్కర్లేదు.

శంకుస్థాపన అయిపోయింది. క్రేన్‌తో గజమాల వేశారు. బిర్యానీ పొట్లాల కాడ తొక్కిసలాట కూడా అయింది. హెలికాప్టర్ లేచింది, ఖాళీగా. ముఖ్యమంత్రిగారు ప్లాస్టిక్ కుర్చీలోనే ఉండిపోయారు. సాయంత్రం షామియానా అబ్బాయి వచ్చి, “సార్, రేపు ఎర్రగుంట్లలో పెండ్లి ఉంది. కొంచెం లేస్తే గుడ్డ విప్పుకుంటాం” అన్నాడు. లేచారు. కుర్చీ కూడా పోయింది. పొద్దున్నే ఎండ మొదలైంది. నీడ కోసం చూస్తే కనుచూపు మేరలో ఒకటే తుమ్మచెట్టు. దాని కింద ఇదివరకే ఇంకొకాయన ఉన్నారు, గడ్డం పెరిగి, తన బండకు ఆనుకుని. మాజీ ముఖ్యమంత్రి. మొదట ఇద్దరికీ మాటల్లేవు. “ఈ చెట్టు నా హయాంలోది” అని ఆయన. “నీళ్లు పోసింది నువ్వా?” అని ఈయన. అంతలో తాగే నీళ్ల ట్యాంకర్ రాలేదు. ఆరా తీస్తే, ట్యాంకర్ అతనికి పాత బిల్లు పెండింగ్. ఆ ఫైలు పోయినేడు పక్కన పెట్టింది ఈయనే. మధ్యాహ్నానికి గొర్రెలు తోలుకుంటూ ఒక అవ్వ అటుగా వచ్చి ఆగింది. “ఏం నాయనా, ఇంగా లెయ్యలేదా నీ ఫ్యాక్టరీ? సంగటి తింటావా?” చెనక్కాయల ఊరిబిండితో ఇద్దరూ ఒకే గిన్నెలో తిన్నారు. ఆ రాత్రి దోమలు ఏ పార్టీవో తెలియక ఇద్దర్నీ సమానంగా కుట్టాయి. తెల్లవారుజామున మాజీగారే గొంతు సవరించుకున్నారు. “టెండరు ఎవరికైనా ఇయ్యి స్వామీ, పొయ్యి వెలిగిస్తే ఇండ్లకు పోదాం.”

ఏడాదిన్నరలో ఉక్కు పోస్తారు. పందెం.

కట్టడం చేతకాదేమో అని జాలిపడే వీలు కూడా లేదు. అప్పటి అనంతపురం జిల్లా పెనుకొండలో కియా 2017లో ఒప్పందం చేసుకుని 2019కల్లా కార్లు బయటికి పంపింది. మనసు పెడితే జరుగుతుందని మన సీమలోనే సాక్ష్యం ఉంది. కర్నూలువాళ్లు మమ్మల్ని చూసి నవ్వొద్దు. మీకు 1953 అక్టోబరు 1న రాజధాని ఇచ్చి, ఆఫీసులు గుడారాల్లో నడిపి, 1956 నవంబరు 1కల్లా హైదరాబాద్ వెళ్లిపోయారు. మీది టెంటు, మాది బండ.

2007లో పుట్టిన పిల్లలకు ఓటు హక్కు వచ్చేసింది. ఐటీఐలో ఫిట్టర్ చదివితే ఊర్లోనే పని దొరుకుతుందని ఎందరు తండ్రులు అప్పుచేసి చదివించారు! వాళ్లకు ఆ మాట చెప్పిందెవరు? మైకు పట్టుకుని, చెయ్యి ఊపి, “ఈసారి ఖాయం” అని చెప్పింది మీరు కాదా? ఆ ఫిట్టర్ కువైట్‌లో కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) ఇంటి ముందు కారు కడుగుతున్నాడు. అతని పెళ్లాం ఫోన్లో బిడ్డ ముఖం చూపిస్తోంది. మీకేమో ఆ నేల ఇంకో ఫోటోకు బ్యాక్‌గ్రౌండు. ఒక పార్టీ వేసిన బండను ఇంకో పార్టీ గడ్డిలో వదిలేసి నాలుగడుగులు అవతల కొత్త గుంత తవ్వుతుంటే చూసి చప్పట్లు కొట్టడానికి మమ్మల్ని బస్సుల్లో తోలుకొస్తారా? సిగ్గులేదా? పాత గుంతలో కడితే ఫ్యాక్టరీ లేవదా? మా పిల్లల వయసు మీ ముహూర్తాల కోసం ఆగుతుందా?

అయిదో టెంకాయ ఎవరు కొడతారో తెలియదు. ఏ పార్టీ అయినా మాకు అభ్యంతరం లేదు. పురోహితుడు, ఫోటోగ్రాఫరు మీ ఇష్టం. మంచం మాత్రం మర్చిపోకుండా తెచ్చుకోండి. దోమతెర మేమిస్తాం.