టన్నెల్ గారూ, మా కుక్కను మాకు ఇప్పించండి

కుక్కలు అడ్డంకులు దాటుతూ పరిగెత్తే అజిలిటీ ఆట గ్రౌండ్‌లో మూడో జంప్ పక్కన పడుకుని ఉండే టన్నెల్ గారికి నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమంగా లేను, మోకాళ్లు పోయాయి. మీరు క్షేమమేనని వేరే చెప్పక్కర్లేదు, మా టైగర్ పొద్దస్తమానం మీ దగ్గరే కదా ఉంటున్నాడు.

60 సెంటీమీటర్ల బొక్క. సాగదీస్తే మహా అయితే 6 మీటర్ల పొడవు. లోపల చూస్తే ఏమీ లేదు, ఉత్త డొల్ల. పాలుపట్టి పెంచిన నాకంటే మీలో ఏం చూశాడండీ వాడు?

మొదటి రోజు గుర్తుందా మీకు? ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పిలిస్తే పలకని కుక్కను వెంటబెట్టుకుని, పతకాలు ఏ గోడకి తగిలించాలా అని ఆలోచించుకుంటూ వచ్చాను. ట్రైనర్ మేడమ్ ముందు మూడు వారాలు మీ మొహమే చూడనివ్వలేదు. పిలిస్తే రావడం, ఆగమంటే ఆగడం, ఊగే చెక్క మీద నాలుగు కాళ్లూ పెట్టి నిలబడటం, ఇంతే. తన వెనక కాళ్లు ఎక్కడున్నాయో చాలా కుక్కలకు తెలియదట. నా కాళ్ల సంగతి ఆవిడ అప్పుడు ఎత్తలేదు, అది తర్వాత వచ్చింది.

నాలుగో వారం మిమ్మల్ని హార్మోనియం తిత్తిలా నొక్కి మీటరు పొడవుకి కుదించారు. అటువైపు ఒకరు టైగర్‌ని పట్టుకున్నారు. ఇటువైపు నేను నాలుగు కాళ్ల మీద వంగి, మీలోకి తల దూర్చి, చేతిలో చికెన్ ముక్క పట్టుకుని, ఇంట్లోవాళ్లు ఎప్పుడూ వినని గొంతుతో "రా నాన్నా, రా బంగారం" అంటున్నాను. వాడు లోపలికి తొంగి చూశాడు. నన్ను చూశాడు. తాపీగా మీ పక్కనుంచి చుట్టూ నడిచొచ్చి, నా మోచేతి కింద నుంచి మూతి దూర్చి ముక్క అడిగాడు. పాపం అనిపించి పెట్టేశాను.

"ఇప్పుడు వాడికి ఏం నేర్పారు సార్?" అంది మేడమ్.

చుట్టూ తిరిగి వస్తే చికెన్ ఉంటుందని నేర్పాను. అది మరిపించడానికి ఇంకో క్లాసు పట్టింది.

ఆ తర్వాత ఒకరోజు ముందు ముక్కు, తర్వాత చెవులు, తర్వాత మొత్తం కుక్క మీలోంచి బయటికొచ్చింది. నేను వేసిన కేకకి పక్క రింగులో కుక్క జంప్ మానేసి నావైపు చూసింది. అక్కడ ఆగినా బాగుండేది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్నారా, ఇంట్లో కూడా ప్రాక్టీసు ఉండాలని పిల్లలు ఆడుకునే గుడ్డ టన్నెల్ ఒకటి కొన్నాను. మీకు రెండు పక్కలా ఇసుక సంచులు ఎందుకు కడతారో అప్పుడు తెలిసింది. వాడు లోపలికి దూకగానే అది వాడితో సహా దొర్లుకుంటూ గోడ దాకా వెళ్లింది. పది రోజుల పాటు వాడు బకెట్‌ని చూసినా పక్కకి తప్పుకున్నాడు. మళ్లీ మీటరు పొడవు, మళ్లీ నా మోకాళ్లు.

ఆ భయం ఎప్పుడు పోయిందో, ఈ వ్యామోహం ఎప్పుడు మొదలైందో నాకు తెలియలేదు. ఇప్పుడు జంప్ అంటే టన్నెల్, ఆగు అంటే టన్నెల్, ఇంటికెళ్దాం అంటే రెండుసార్లు టన్నెల్. అనుభవం ఉన్నవాళ్లు దీన్ని టన్నెల్ సక్ అంటారు, వ్యాక్యూమ్ క్లీనర్ దుమ్ముని లాగినట్టు మీరు కుక్కల్ని లాగేసుకుంటారట. ఆ మాట విన్నాక ఎంత హాయిగా ఉందో! దొంగ దొరికాడు కదా.

అప్పుడు మేడమ్ ఫోన్‌లో వీడియో చూపించింది. నా నోరు "జంప్" అంటోంది. చెయ్యి జంప్ వైపే ఉంది. భుజాలూ, కాలివేళ్లూ మాత్రం పెళ్లిచూపులకి వచ్చినవాళ్లలా శ్రద్ధగా మీవైపు తిరిగి ఉన్నాయి. పైగా ఆ "జంప్" కూడా వాడు సగం దూరం మీలోకి వెళ్లాక అన్నాను. పరుగులో ఉన్న కుక్క మాటకంటే మన ఒంటినే ముందు నమ్ముతుందట. అంటే వాడు నేను చెప్పినట్టే చేస్తున్నాడు, ఏం చెబుతున్నానో నాకే తెలియదు. ఆడలేక మద్దెల ఓడు అంటారని తెలుసు, అయినా ఈ ఉత్తరం రాయడం మానను, మద్దెలకి కూడా కొంత బాధ్యత ఉండాలి.

నిజానికి మీ తోటివాళ్లు ఇంత సులువుగా ఎవర్నీ దగ్గరికి రానివ్వరు. కుక్క పాములా మెలికలు తిరుగుతూ దూరి వెళ్లే కర్రలు, వీవ్ పోల్స్ గారు 12 మంది వరసగా నిలబడి, మొదటి కర్ర కుక్క ఎడమ భుజం పక్కన ఉంటేనే ప్రవేశం అంటారు. ఇంటికప్పులా రెండు వైపులా వాలుగా ఉండే A-ఫ్రేమ్‌కి చివర పసుపు రంగు, అందులో పాదం పడకపోతే తప్పు. ఊగుడు బల్ల సీ-సా ధన్‌మని నేలకు కొట్టుకుంటుందని కింద బల్ల పెట్టి, నాలుగు వేళ్ల ఎత్తు నుంచి పడటం అలవాటు చేయాలి. జంప్‌ల మర్యాద ఇంకా గొప్పది, ఎముకలు ఎదిగేదాకా బార్లు నేల మీదే ఉంచుకోమంటాయి. పోటీలకైతే అమెరికన్ కెనెల్ క్లబ్ వాళ్లకి 15 నెలలు, ఎఫ్‌సీఐ అనే అంతర్జాతీయ కుక్కల సమాఖ్య వాళ్లకి 18 నెలలు నిండాలి. మీకు మాత్రం ఏ పట్టింపూ లేదు, వచ్చినవాణ్ణి వచ్చినట్టు మింగేయడమే.

మీలో గుడ్డతో మూతి మూసుకుని ఉండే చూట్ అని ఒకాయన ఉండేవారు కదా, గుడ్డలో కుక్కలు చిక్కుకుంటున్నాయని 2016లో అమెరికన్ కెనెల్ క్లబ్ ఆయన్ని ఇంటికి పంపేసింది. ఊరికే గుర్తు చేస్తున్నాను, బెదిరింపు అనుకోకండి. అసలు ఈ గొడవంతా 1978లో లండన్‌లో క్రఫ్ట్స్ అనే కుక్కల షోలో మొదలైంది. విరామంలో జనానికి ఏదో ఒక కాలక్షేపం కావాలని జాన్ వార్లీ, పీటర్ మీన్‌వెల్ కలిసి గుర్రాల జంపింగ్ చూసి కుక్కలతో అలాంటిదే చేయించారు. వాళ్ల విరామం కొన్ని నిమిషాలే. నాది రెండేళ్లుగా నడుస్తోంది.

మొన్న ఆదివారం మాత్రం మీరు ఓడారు. ఒప్పుకోండి. కాళ్లు జంప్ వైపు పెట్టి, భుజం తిప్పి, నోరు మూసుకుని పరిగెత్తాను. టైగర్ మీ గుమ్మం దాకా వచ్చి, ఒక్క క్షణం తటపటాయించి, మీకు వీపు చూపించి జంప్ మీదుగా ఎగిరిపోయాడు! ఆనందం పట్టలేక మేడమ్ చూసిందా లేదా అని గిర్రున అటు తిరిగాను.

మేడమ్ మీ పక్కనే నిలబడి ఉంది.

వాడు ఇంకా లోపలే ఉన్నాడు. అటు చివరకి పరిగెత్తాను, రాలేదు. ఇటు పరిగెత్తాను, తోక కనిపించింది. దయచేసి వాడు ఏ వైపు నుంచి వస్తాడో కాస్త ముందుగా కబురు చేయండి.

ఇట్లు,
మీ తప్పు గుమ్మం దగ్గర నిలబడ్డ,
టైగర్ వాళ్ల నాన్న