డైరెక్ట్ ఇచ్చేసినా సార్

అద్వైతం శంకరాచార్యులతోనే పూర్తయిపోయిందని నమ్మేవాళ్ళు ఒకసారి అనంతపురం వచ్చి కారుకు డ్యాష్‌క్యామ్, అంటే రోడ్డును వీడియో తీసే కెమెరా, బిగించుకోవాలి. జీవుడూ బ్రహ్మమూ ఒక్కటేనని ఆయన చెప్పాడు. బ్యాటరీ, కెమెరా ఒక్కటేనని మా ఊరి కార్ డెకార్ షాపు కుర్రాడు చేసి చూపిస్తాడు. నడుమ కనిపించే ఫ్యూజు వట్టి మాయ. ఆ మాయను పీకి పారేస్తే మిగిలే పరమార్థం పేరే డైరెక్ట్.

"డైరెక్ట్ ఇచ్చేసినా సార్. టెన్షన్ లేదు."

ఈ మహావాక్యం మీకు కొత్త కాదు. బోరు మోటారు దగ్గర, ఇన్వర్టరు దగ్గర, పెళ్ళి పందిట్లో సీరియల్ లైట్ల దగ్గర వినే ఉంటారు. బైకు ఫ్యూజు పోతే సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి పంపించిన మహానుభావుడు కూడా ఇదే అని ఉంటాడు.

అసలు నాకు కెమెరా ఎందుకంటే, 44వ జాతీయ రహదారి వల్ల. కర్నూలుకూ అనంతపురానికీ మధ్య వారానికి ఒకసారైనా తిరుగుతాను. డోన్ దాటితే రాంగ్ సైడులో ఎదురొచ్చే బైకు, గుత్తి దగ్గర వెనక ఒక్క లైటూ లేని ట్రాక్టరు ట్రాలీ, పామిడి వచ్చేసరికి డివైడరు సందులోంచి రోడ్డెక్కే గొర్రెల మంద. తప్పెవరిదైనా కారువాడే కట్టాలన్నది ఇక్కడి న్యాయశాస్త్రం. దానికి తోడు 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున చిన్నటేకూరు దగ్గర బెంగళూరు బస్సు రోడ్డు మీద పడి ఉన్న బైకును ఈడ్చుకెళ్ళి కాలిపోయింది. బస్సులో 19 మంది పోయారు. ఆ తర్వాత నెల రోజుల పాటు ఆ దారిలో నా చేతులు స్టీరింగు మీద చెమటలు పట్టాయి. సరే, జరిగేది జరుగుతుంది, ఏం జరిగిందో చెప్పే సాక్షి ఒకటుండాలని కెమెరా కొన్నాను.

పది వీడియోలు చూసి పండితుణ్ణయి మరీ వెళ్ళాను. కారు కరెంటు 12 వోల్టులు, కెమెరా తాగేది 5. మధ్యలో తగ్గించడానికి చిన్న డబ్బా, దానికి మూడు వైర్లు. పసుపు ఎప్పుడూ కరెంటు ఉండే చోట, ఎరుపు తాళం తిప్పితేనే వచ్చే చోట, నలుపు బాడీ బోల్టుకు. బ్యాటరీ మరీ దిగిపోతే ఆ డబ్బాయే కెమెరాను ఆపేస్తుంది. ఫ్యూజు బాక్సులో గుచ్చడానికి వైరున్న ఫ్యూజు హోల్డరు వేరే తీసుకున్నాను. ఇవన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్ళి కుర్రాడి చేతికిచ్చాను. పెళ్ళి భోజనానికి సొంత క్యారియర్ తెచ్చుకున్నవాణ్ణి చూసినట్టు చూశాడు.

"ఇదేంది సార్, మూడు వైర్లుండాది?"

"అవును నాయనా, మూడూ కలపాలి."

"మూడెందుకు సార్, మనది రెండే" అని షాపులోంచి అగ్గిపెట్టంత కన్వర్టరు తెచ్చాడు. నా కవరు గ్లవ్ బాక్సులోకి పోయింది.

అక్కడ మొదలైంది యజ్ఞం. రోడ్డు పక్కనే, మిట్టమధ్యాహ్నం ఎండలో. కుర్రాడు స్టీరింగు కింద తలపెట్టి, కాళ్ళు రోడ్డు మీదికి చాపాడు. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి ఎవరితోనో మ్యాచ్ గురించి మాట్లాడుతున్నాడు. ఒక చేత్తో వైరు లాగుతున్నాడు, దాని తోలు పళ్ళతో ఒలిచి పక్కకు ఉమ్ముతున్నాడు. పళ్ళతో వైరు ఒలవడం ఒక విద్య. కట్టింగ్ ప్లయరు ఆరడుగుల దూరంలో స్టూలు మీదే ఉంది, కానీ లేచి తెచ్చుకుంటే విద్య ఎక్కడ మిగులుతుంది?

ఐదు నిమిషాల్లో జనం చేరారు. ఆటో ఆయన ఒకరు, టీ గ్లాసులు తిప్పే పిల్లవాడు, ఎదురు అంగడి ముందు కూర్చునే పెద్దాయన. ఏదో రెండు వైర్లు కలిశాయి, హారన్ మోగింది. "అది కాదప్పా, పక్కది" అన్నాడు ఆటో ఆయన. పక్కది కలిపితే వైపర్లు ఆడాయి. అనంతపురంలో వైపర్లు ఆడడం ఎలాగూ అరుదే కాబట్టి అందరూ కాసేపు చూశారు. మూడో ప్రయత్నానికి కెమెరా వెలిగింది. వెలగడమే కాదు, ఆడగొంతుతో ఇంగ్లీషులో మాట్లాడింది.

పెద్దాయన వంగి చూసి, "ఏమంటాండాది సామీ?" అన్నాడు.

"మెమొరీ కార్డు పెట్టమంటోంది."

"పెట్టకపోతే?"

"అంటూనే ఉంటుంది."

"మా ఇంట్లోనూ అంతే" అని ఆయన వెనక్కి పోయి కూర్చున్నాడు.

కార్డు పెట్టాను. తెర మీద తారీఖు 2020 జనవరి 1 అని పడింది. మార్చమన్నాను. "తారీఖుతో ఏం పని సార్, వీడియో ముఖ్యం" అన్నాడు. 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమం అమల్లో ఉంది, 63వ సెక్షన్ ప్రకారం వీడియోకు సర్టిఫికెట్ ఇవ్వాలి, ఆరేళ్ళ కిందటి తారీఖుతో ఈ ఏడాది ప్రమాదాన్ని కోర్టుకు ఎలా చూపిస్తానని అడిగాను. ఫోనులో అవతలివాడితో, "ఒక్క నిమిషం మామా, సారు ఏదో చెప్తాండాడు" అన్నాడు. తర్వాత నాతో, "సార్, మీరు పోయి టీ తాగి రాండి" అన్నాడు.

వెళ్ళాను. అదే నా తప్పు.

తిరిగొచ్చేసరికి పని అయిపోయింది. కెమెరా అద్దానికి అతుక్కుంది, వైరు ఎక్కడా కనబడలేదు. వైరు కనబడకపోవడమే మనకు మంచి వైరింగు, అది ఎక్కడికి పోయిందో ఎవరూ అడగరు. 500 ఇచ్చి, మహావాక్యం విని ఇంటికొచ్చాను.

శనివారం సాయంత్రం కారు ఇంటి ముందు పెట్టాను. మంగళవారం పొద్దున తాళం తిప్పితే టిక్కుమని ఊరుకుంది. కెమెరా 5 వాట్లు తాగుతుందనుకున్నా 12 వోల్టుల దగ్గర 0.4 ఆంపియర్. 60 గంటలు ఆగకుండా తాగితే 25 ఆంపియర్ అవర్లు. నా బ్యాటరీ మొత్తం కలిపి 35. రెండున్నర రోజులు మా ఎదురింటి గోడను అద్భుతంగా చిత్రీకరించి నా కారు మరణించింది.

ఆటో ఎలక్ట్రీషియన్ భాయ్ వచ్చి స్టార్ట్ చేసిచ్చి, స్టీరింగు కింద మూత ఊడదీశాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

"ఫ్యూజు ఏది సార్?"

"గ్లవ్ బాక్సులో ఉంది భాయ్."

లోపలికి రమ్మని టార్చి వేసి చూపించాడు. తాళం దగ్గరికి పోయే లావాటి వైరు తోలు గోకి, దానికి వెంట్రుకంత కెమెరా వైరు మెలిపెట్టి, పైన నల్ల టేపు. నాలుగు రోజుల ఎండకే టేపు జిగురు కరిగి, సగం ఊడి వేలాడుతోంది. లోపల రాగి మెరుస్తోంది. దానికి అంగుళం దూరంలో ఇనప పట్టీ. బ్రేకు తొక్కినప్పుడల్లా నా బూటు ఆ పక్కనే కదులుతోంది.

ఫ్యూజు చేసే పని ఒక్కటే, మనకంటే ముందు చావడం. పది రూపాయల ప్లాస్టిక్ ముక్కలో సన్నటి తీగ. ఎక్కడో వైరు నలిగి బాడీకి తగిలితే, మిగతా వైరు ఎర్రగా కాలేలోపు అది తెగిపోతుంది. అది లేకపోతే వైరే కాలాలి. ఎక్కడ కాలుతుంది? డ్యాష్‌బోర్డు లోపల, ప్లాస్టిక్కుకూ స్పాంజికీ మధ్య, వెనక సీట్లో పిల్లలు నిద్రపోతుండగా.

మా జిల్లాలో ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజు పోతే లైన్‌మన్ వచ్చేదాకా చీనీ (బత్తాయి) చెట్లు ఆగవని రైతే పోయి రాగితీగ మెలిపెట్టి వేసుకుంటాడు. అలా పోయి స్తంభం దగ్గరే కాలిపోయిన వాళ్ళ ఇళ్ళకు పరామర్శకు వెళ్ళాను నేను. ఆ మనిషికి గతి లేదు, ఇచ్చే కరెంటుతోనే నీళ్ళు పారాలి. నీకేం వచ్చిందిరా? ఫ్యూజు నేను కొనితెచ్చి చేతిలో పెట్టాను. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు ఎగ్గొట్టి, ఒక కుటుంబాన్ని ఆ కారులో కూర్చోబెట్టి, టెన్షన్ లేదంటావా? ఎవరికి లేదు టెన్షన్? సాయంత్రం షట్టరు దించుకుని పోయేవాడికి ఎందుకుంటుంది!

భాయ్ ఇరవై నిమిషాల్లో సరిచేశాడు. నా కవర్లోని మూడు వైర్లూ వాటి చోటికి పోయాయి, ఎర్రటి 10 ఆంపియర్ ఫ్యూజు హోల్డర్లో కూర్చుంది. కారు ముందు అద్దం పక్క స్తంభంలో మడిచి ఉన్న ఎయిర్‌బ్యాగుకు అడ్డంగా వేసిన వైరును వెనక నుంచి తిప్పాడు. దాని సంగతి మళ్ళీ మొదలుపెడితే ఇవాళ పడుకోను.

ఆ రాత్రి కార్డు తీసి కంప్యూటర్లో పెట్టాను. గోడ వీడియోలు పాతవాటిని చెరిపేసుకుంటూ కార్డంతా నిండి ఉన్నాయి. ఒక్కటి మాత్రం చెరగలేదు. కెమెరాకు కుదుపు తగిలితే ఆ మూడు నిమిషాల ముక్కను విడిగా దాచుకుంటుంది. 2020 జనవరి 1, నేను టీకి వెళ్ళిన సమయం. కెమెరా వైరుకు వేలాడుతూ కుర్రాడి మోకాలిని చూపిస్తోంది. చిట్లిన చప్పుడు. సీటుకు తగిలి కెమెరా ఊగింది.

"అన్నా, ఏదో కాలిందన్నా."

"ఏది?"

"ఏమో, వాసనొస్తాంది."

"సారొస్తాండాడా?"

"టీ తాగుతాండాడు."

"అయితే టేపెయ్. సెంటు కొట్టు."

మర్నాడు ల్యాప్‌టాప్ పట్టుకుని షాపుకు వెళ్ళి ఓనరు ముందు ఆ వీడియో పెట్టాను. కుర్చీ జరుపుకుని, కళ్ళజోడు పెట్టుకుని, మూడు నిమిషాలూ కదలకుండా చూశాడు. కుర్రాణ్ణి కూడా పిలిచి చూపించాడు. సెంటు దగ్గర ఆపి, వెనక్కి తిప్పి మళ్ళీ చూశాడు.

"చూసినారా సార్" అన్నాడు, "ఆడియో గూడా ఎంత క్లియర్‌గా వచ్చిందో."