మనశ్శాంతి మహోత్సవం: హాజరు తప్పనిసరి

విశాఖపట్నంలో ఉద్యోగుల మానసిక ఆరోగ్యాన్ని యాజమాన్యాలు గాలికి వదిలేశాయని అక్కడక్కడా వినిపిస్తున్న అపవాదును ఈ వ్యాసకర్త తీవ్రంగా ఖండిస్తున్నాడు. ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవమైన అక్టోబరు 10న మధురవాడ కొండల మీది ఐటీ ఆఫీసులోకి అడుగుపెట్టి చూసినవారు ఆ మాట అనలేరు. గుమ్మానికి ఆకుపచ్చ బెలూన్లు కట్టి ఉంటాయి. లిఫ్టులో ‘మీరు ఒంటరివారు కారు’ అనే స్టిక్కరు అంటించి ఉంటుంది. ఉదయం తొమ్మిదిన్నరకు ఆ లిఫ్టులో మోచేతులు ముడుచుకుని నిలబడ్డవారు ఎవరూ ఆ మాటను కాదనలేరు. క్యాంటీన్‌లో ఆ పూట ఇడ్లీకి క్యారెట్టు ముక్కలతో కళ్లూ, నవ్వుతున్న నోరూ పెడతారు. ఇంత చేశాక కూడా ఉద్యోగి దిగులుగానే ఉన్నాడంటే లోపం ఎవరిదో పాఠకులే తేల్చుకోవాలి.

నా మిత్రులు కొందరు పనిచేసే ఒక సంస్థ (పేరు అనవసరం, ఏ పేరు తగిలించినా అతుకుతుంది) ఒక్కరోజుతో సరిపెట్టక వారం రోజుల ‘మనశ్శాంతి మహోత్సవం’ తలపెట్టింది. సర్క్యులర్ శుక్రవారం రాత్రి పదకొండు దాటాక వచ్చింది. మరునాడు ఉదయం ఆరింటికల్లా అందరూ రుషికొండ బీచ్‌కు చేరుకోవాలనీ, హాజరు తప్పనిసరి అనీ, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయనివారిని గైర్హాజరుగా పరిగణిస్తామనీ, ఆసనాలయ్యాక ‘జీవితంలో నిద్రకున్న ప్రాముఖ్యం’ అనే అంశంపై ప్రసంగం ఉంటుందనీ అందులో ఉంది. సెలవు రోజునే ఎందుకు పెట్టాల్సివచ్చిందో కూడా ఎంతో ఉదారంగా వివరించారు: పని రోజున పెడితే పని ఆగుతుంది, పని ఆగితే ఒత్తిడి పెరుగుతుంది, ఒత్తిడి పెరగకూడదన్నదే ఈ మహోత్సవం ఉద్దేశం.

2025 జూన్ 21న ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా చాపలు పరిచి లక్షల మంది చేత ఆసనాలు వేయించిన ఊరు మనది. రెండు వందల మంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు మనకు ఒక లెక్క కాదు. కార్యక్రమం దిగ్విజయంగా సాగింది. శవాసనం దగ్గర మాత్రం ఒక కుర్రవాడి ఫోను ఇసుకలో మోగింది. ఎక్కడో సర్వర్ పడిపోయిందట. అతను లేచి కూర్చుంటే చుట్టుపక్కలవారి ప్రశాంతతకు భంగమని, వెల్లకిలా పడుకునే, కళ్లు మూసుకునే, ఫోను చెవికి ఆనించుకుని, ఏ ఫైల్లో ఏ లైను మార్చాలో పది నిమిషాల పాటు తగ్గు స్వరంతో చెప్పాడు. శిక్షకుడు అతని ఏకాగ్రతను అందరి ముందూ మెచ్చుకున్నాడు. తెల్లవారుజామున నాలుగింటికే వచ్చి ఆ చాపలు పరిచిన హౌస్‌కీపింగ్ ఆడవాళ్లు ఆసనాలు వేయలేదు. వారు కాంట్రాక్టరు మనుషులు గనుక వారి మనసులు ఈ పథకం పరిధిలోకి రావు.

ఇంతటి దయ హఠాత్తుగా ఎక్కడి నుంచి పుట్టుకొచ్చిందని కొందరు సందేహజీవులు అడుగుతున్నారు. సమాధానం దాచాల్సిన పనిలేదు. కుంగుబాటు, ఆందోళనల వల్ల ప్రపంచంలో ఏటా 1,200 కోట్ల పనిదినాలు వృథా అవుతున్నాయనీ, ఆ నష్టం ఏడాదికి లక్ష కోట్ల డాలర్లనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్కగట్టాయి. ఆ లెక్క రాకముందు దిగులు ఉద్యోగి ఇంటి విషయం. వచ్చాక అది ఆఫీసు ఖర్చుల పద్దు. పద్దులోకి ఎక్కినదాన్ని పట్టించుకోని యాజమాన్యం ఉండదు కదా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అక్కడితో ఆగక 2022లో పని ప్రదేశాల్లో మానసిక ఆరోగ్యంపై మార్గదర్శకాలు కూడా విడుదల చేసింది. అందులో మొట్టమొదట చెప్పింది పనినే సరిచేయమని: పనిభారం, పనివేళలు, చేసే పని మీద మనిషికి ఉండే అధికారం, ఇవి చూడండి అని. ఆ తరువాత మేనేజర్లకు శిక్షణ ఇవ్వమంది. ఆ తరువాత ఉద్యోగులకు. ధ్యానం, వ్యాయామం, ఒత్తిడిని తట్టుకునే మెలకువలు వంటివి వాటన్నిటి వెనక వస్తాయి. ఈ పత్రాన్ని మన సంస్థలు చదవలేదనడం అన్యాయం. చదివాయి, కాకపోతే వెనక నుంచి మొదలుపెట్టాయి. ధ్యానం దాకా వచ్చేసరికి బడ్జెట్ అయిపోయింది.

మహోత్సవంలో రెండో ఘట్టం మనోభావాల సర్వే. కంప్యూటర్ తెరవగానే ఐదు బొమ్మ ముఖాలు కనిపిస్తాయి, బిగ్గరగా నవ్వే ముఖం నుంచి కన్నీళ్లు కార్చే ముఖం దాకా. ఈరోజు మీరు ఏ ముఖమో నొక్కాలి. ఎవరు ఏది నొక్కారో ఎవరికీ తెలియదని కింద రాసి ఉంటుంది. దానికి ముందు ఉద్యోగి నంబరుతో లాగిన్ కావాలి. మొదటి రోజు ఏడుపు ముఖం నొక్కిన పదకొండు మందినీ సాయంత్రంలోగా పిలిపించి, ‘మీ టీమ్‌కు చెడ్డపేరు వస్తోంది, ఏమిటి మీ సమస్య?’ అని ఆప్యాయంగా విచారించారు. వారం తిరిగేసరికి కొండ మీద ఒక్క దుఃఖితుడు కూడా మిగలలేదు. ఇంత వేగంగా కుంగుబాటును నయం చేసిన మందు వైద్యశాస్త్రంలో ఇంకొకటి ఉందని ఈ వ్యాసకర్త అనుకోడు.

మూడోది కౌన్సెలర్ గది. నెలకోసారి, ఒక గురువారం, పదకొండు నుంచి పన్నెండు దాకా ఆమె అందుబాటులో ఉంటారు. మంచి మనిషి, చదువుకున్న మనిషి. ఆమె మీద ఎవరికీ ఫిర్యాదు లేదు. గది మాత్రం హెచ్‌ఆర్ విభాగానికీ కాఫీ యంత్రానికీ నడుమ, నాలుగు వైపులా గాజు గోడలతో ఉంటుంది. పారదర్శకత ఆ సంస్థ విలువల్లో ఒకటి. మానసిక చికిత్సకు సంబంధించిన వివరాలు గోప్యంగా ఉంచడం రోగి హక్కు అని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్‌లో చెబుతోంది గాని, గాజును గురించి ఆ చట్టం ఏమీ అనలేదు. అందుచేత లోపలికి వెళ్లేవారు ఒక ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి, మధ్యమధ్య తెర వైపు వేలు చూపిస్తూ, ఏదో మీటింగ్ జరుగుతున్నట్టు ఏడుస్తారు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 ఉన్న పోస్టరు కూడా అక్కడే ఉంది. ఇరవై నాలుగు గంటలూ పలుకుతుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు, ఉద్యోగి నంబరు అడగరు. బహుశా అందుకే దాన్ని కాఫీ యంత్రం వెనక అంటించారు.

సెలవుల సంగతి చెప్పకుండా ఈ చర్చ పూర్తికాదు. మనసు బాగాలేదని సెలవు అడిగిన ఉద్యోగిని ఈ వ్యాసకర్త ఇంతవరకూ చూడలేదు. చూసినదల్లా కడుపు బాగాలేనివారినే. సోమవారం ఉదయం కొండ మీది మేనేజర్ల ఫోన్లకు వచ్చే సందేశాలను బట్టి చూస్తే ఈ నగర యువతరం జీర్ణవ్యవస్థ పూర్తిగా కుప్పకూలిపోయిందనే అనుకోవాలి. నిన్న సాయంత్రం బీచ్‌లో మురీ మిక్చర్ తిన్నామని, అది పడలేదని అందరిదీ ఒకే మాట. ఆర్కే బీచ్‌లో ఉల్లిపాయలు తరుగుతూ, నిమ్మకాయ పిండుతూ, కాగితం పొట్లాల్లో నాలుగు గింజలు ఎక్కువే వేసి ఇచ్చే ఆ బండివాళ్లు తమకు తెలియకుండానే నగరంలోని కుంగుబాటు భారమంతా నెత్తిన మోస్తున్నారు. వారికి సంస్థలన్నీ కలిసి ఒక సన్మానం చేయాలి.

‘కడుపు’ అని రాస్తే ‘జాగ్రత్త, మజ్జిగ తాగండి’ అని జవాబు వస్తుంది. ‘మనసు’ అని రాస్తే రేపటి ప్రమోషన్ల జాబితాలో పేరు పక్కన చిన్న ప్రశ్నార్థకం పడుతుంది. పైగా మన ఊళ్లో వాల్తేరు అన్న మాటకు విశ్వవిద్యాలయంతో పాటు ఇంకొక అర్థం కూడా ఉంది. అక్కడి ప్రభుత్వ మానసిక వైద్యశాల తరతరాలుగా ఉత్తరాంధ్ర అంతటినీ ఆదుకుంటున్నా, దాని పేరును మనం వైద్యానికి కన్నా వెక్కిరింపుకే ఎక్కువ వాడుకున్నాం. ఆ 2017 చట్టమే శరీర వ్యాధులకు ఇచ్చినట్టు మానసిక వ్యాధులకూ బీమా ఇవ్వాలని బీమా సంస్థలను ఆదేశించింది. బీమా ఉంది. వాడుకోవడానికి కాగితం మీద రోగం పేరు రాయాలి. ఆ కాగితం హెచ్‌ఆర్ బల్ల మీదుగా వెళ్తుంది. అదీ కథ.

పనిగంటల విషయంలో పాతతరం వారికి ఏమీ అర్థం కావడం లేదు. కూర్మన్నపాలెంలో ఉండే ఒక ఉక్కు కర్మాగారం విశ్రాంత ఉద్యోగి, రాత్రి పదకొండింటికి మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్న కొడుకుని ‘ఏట్రా, మీకు రిలీవరు రాడా?’ అని అడిగాడు. ఆయన లెక్కలో ఏ షిఫ్టు ఉంది, బి షిఫ్టు ఉంది, సి షిఫ్టు ఉంది. రిలీవర్ వచ్చి చార్జి తీసుకున్నాక కొలిమి అతనిది, నిద్ర మనది. కొడుకుది ఒకే షిఫ్టు, దానికి అక్షరం కూడా లేదు. అతని బదులు వచ్చేవాడు ఎవరూ లేరని తండ్రికి చెప్పడానికి సిగ్గుపడి, ‘అమెరికా వాళ్లు నిద్రలేచారు నాన్నా’ అన్నాడు.

తండ్రికి తెలియని విశేషాలు ఇంకా ఉన్నాయి. 2023లో ఒక పారిశ్రామిక దిగ్గజం యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో మరొక దిగ్గజం 90 అన్నారు. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున వంజరం చేపల వేలంపాట సాగినట్టు సాగుతోంది ఈ వ్యవహారం. పాడేవారు ఇద్దరు, బుట్టలో ఉన్న చేపను ఎవరూ అడగలేదు. వారానికి ఉన్నవి 168 గంటలు. 90 పోతే 78. రోజుకు ఏడు గంటల నిద్ర తీసేస్తే 29. గాజువాక నుంచి ఎన్ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక మీదుగా కొండెక్కి దిగడానికి రోజుకు మూడు గంటల చొప్పున ఆరు రోజులకు 18. మిగిలిన 11 గంటల్లో స్నానం, భోజనం, పిల్లల హోంవర్కు, సింహాద్రి అప్పన్న దర్శనం హాయిగా ముగించుకోవచ్చు. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి 35 నుంచి 40 గంటలు చేసేవారికన్నా పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువని 2021లో ఆ ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థలే అన్నాయి. అయితే అది శరీరానికి సంబంధించిన సంగతి, మన మహోత్సవం మనసుకు సంబంధించినది. మన రాష్ట్ర ప్రభుత్వం కూడా 2025లో కర్మాగారాల్లో రోజువారీ పనిగంటల గరిష్ఠ పరిమితిని 9 నుంచి 10కి పెంచాలని నిర్ణయించింది. వారానికి 48 దాటకూడదన్న నియమాన్ని అలాగే ఉంచింది గనుక, ఆ మిగిలే సమయం కార్మికుడి చేతికే వస్తుందని నమ్ముదాం. నమ్మకం మానసిక ఆరోగ్యానికి మంచిది.

ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియకపోవడం కూడా మానసిక ఆరోగ్యానికి ముప్పేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో ఉంది. ఉక్కు కర్మాగారంలో వంద శాతం పెట్టుబడుల ఉపసంహరణకు 2021 జనవరి 27న కేంద్రం సూత్రప్రాయంగా ఆమోదం తెలిపాక కూర్మన్నపాలెం కూడలిలో ఏళ్ల తరబడి రిలే దీక్షలు సాగాయి. ఆ శిబిరానికి ఒక ధ్యాన శిక్షకుడిని పంపి ఉంటే సమస్య మొదట్లోనే సర్దుకునేది. ఎవరికీ తోచకపోవడం విచారకరం.

ఇక సముద్రం. కొండ మీది ఈ ఆఫీసుల ఉద్యోగ ప్రకటనల్లో మొదటి ఆకర్షణ కిటికీలోంచి కనిపించే సముద్రమే, మనసుకు అంతకు మించిన మందు లేదన్నది నిజమే. అయితే నీటి మీది వెలుతురు కంప్యూటర్ తెరల మీద పడి అంకెలు కనిపించవు గనుక, పొద్దున్నే తెరలు దించేస్తారు. ఉద్యోగులు నష్టపోకూడదని యాజమాన్యం అందరి కంప్యూటర్లలోనూ రుషికొండ తీరం ఫోటోను వాల్‌పేపర్‌గా పెట్టించింది.

మహోత్సవం ముగింపు సభకు పెద్ద మేనేజరు వచ్చారు. పాపం, ఆయన కూడా బీపీ మాత్ర వేసుకునే వేదిక ఎక్కారు. ఆయన పైవాడు ఆయనకు రాత్రి ఎన్నింటికి ఫోన్ చేస్తాడన్నది ఎవరూ సర్వే చేయలేదు. ఒత్తిడిని మిత్రునిగా ఎలా చూడాలో ఆయన గంటసేపు చెప్పి, ప్రశ్నలుంటే నిర్భయంగా అడగమన్నారు. వెనక వరుసలో ఒక అమ్మాయి లేచి, ‘సార్, మా టీమ్‌లో ముగ్గురు మానేసి ఆరు నెలలైంది. వాళ్ల పని కూడా మేమే చేస్తున్నాం. వాళ్ల స్థానంలో ఎవరినైనా తీసుకుంటారా?’ అని అడిగింది. మేనేజరు కాసిన్ని నీళ్లు తాగి, ‘మంచి ప్రశ్నేనమ్మా, కానీ అది నియామకాల విషయం. ఈరోజు మనం మాట్లాడుకుంటున్నది ఒత్తిడి గురించి కదా’ అన్నారు. చప్పట్లు మోగాయి. ఆ అమ్మాయి పేరును మానసిక దృఢత్వ శిక్షణకు ప్రత్యేకంగా సిఫారసు చేశారని తరువాత తెలిసింది. శిక్షణ ఆదివారం ఉదయం, ల్యాప్‌టాప్ తెచ్చుకోవాలి.