ఊపిరి ఇరవై

కర్నూలులో ఎండ ఒకరోజు 41, ఒకరోజు 43. తుంగభద్రలో నీళ్లు ఒక ఏడు ఉంటాయి, ఒక ఏడు ఉండవు. ఊళ్లో నమ్మదగ్గ అంకె ఒక్కటే మిగిలింది. ఆసుపత్రి కేస్ షీట్లో ఊపిరి: నిమిషానికి 20. ఆయాసంతో వచ్చిన తాతకూ 20, కాలు విరిగిన కుర్రాడికీ 20.

20 ఊరికే పుట్టిన అంకె కాదు. సెప్సిస్‌ను, అంటే ఇన్ఫెక్షన్ ముదిరి ప్రాణం మీదికి రావడాన్ని, ముందే పసిగట్టడానికి నర్సులు వాడే న్యూస్-2 అనే పట్టిక ఉంది (టీవీ చానల్ అనుకునేరు). అందులో ఊపిరి 12 నుంచి 20 దాకా ఉంటే సున్నా మార్కులు. 21 రాశారా, రెండు. 25కు చేరితే మూడు. మార్కులు పెరిగితే డ్యూటీ డాక్టరును నిద్ర లేపాలి. 20 రాస్తే వార్డంతా ప్రశాంతం.

అయినా మొన్న నర్సులకు సెప్సిస్ శిక్షణ పెట్టారు. ఫ్లెక్సీ, జ్యోతి ప్రజ్వలన, శాలువాలు. నర్సుల త్యాగం గురించి ముఖ్య అతిథి నలభై నిమిషాలు మాట్లాడారు. ఉగ్గాని బజ్జీకి అరగంట. ఇన్ఫెక్షన్ మీద తిరగబడబోయి ఒళ్లు తన అవయవాలనే దెబ్బ తీసుకుంటుందనీ, జ్వరమే కాదు, ఒళ్లు 36 డిగ్రీల కంటే చల్లబడినా భయపడాలనీ చెప్పడానికి ఏడు నిమిషాలు మిగిలాయి. ఛాతీ చూస్తూ నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టడం దగ్గరికి వచ్చేసరికి గ్రూప్ ఫొటోకు పిలుపొచ్చింది. అయినా ఒక్క సిస్టరుకు నలభై మంచాలు. మంచానికి నిమిషం చొప్పున నలభై నిమిషాలు! అంత సమయం ముఖ్య అతిథికి తప్ప ఎవరికి దొరుకుతుంది?

కాబట్టి కేస్ షీట్ల మీద 20 అంకెను ప్రెస్సులోనే అచ్చు వేయించాలని ప్రభుత్వానికి మనవి చేద్దామనుకున్నాను. మా వీధి అవ్వ అడ్డం పడింది.

మూత్రంలో ఇన్ఫెక్షన్‌తో చేరింది. రాత్రి రెండింటికి లేచి, పదేళ్ల కిందట అమ్మేసిన బర్రెకు "గడ్డి ఏసినార్రా?" అని అడగడం మొదలుపెట్టింది. "పెద్ద వయసు గదా సిస్టర్, అట్లే మాట్లాడుతుంటాది" అన్నాం. సిస్టర్ వినలేదు. నాడి చూస్తున్నట్టు చెయ్యి పట్టుకుని (ఊపిరి లెక్కపెడుతున్నారని తెలిస్తే మనిషి మామూలుగా పీల్చడట) నిమిషమంతా నిలబడింది. 26. బీపీ పైది 98. డాక్టరును లేపేసింది. ఏ క్రిమో తేల్చే కల్చర్ పరీక్షకు రక్తం తీశారు, గంటలోపే యాంటీబయాటిక్ ఎక్కించారు. నాలుగో రోజు అవ్వ "ఏందిది, కారమే లేదు" అని ఆసుపత్రి ఉప్మా పక్కకు నెట్టింది.

ఆ సిస్టరుకు సర్టిఫికెట్ రాలేదు. శిక్షణ రోజు వార్డు చూసుకోమని ఆమెనే వదిలి వెళ్లారట.